మిరియము, మిరపకాయ: తెలుఁగు వంటయింటి చరిత్రలో నొక ఘట్టము

ప్రబంధములు చదువునప్పుడు మనము యుద్ధములకును, ఋతువర్ణనలకును, శ్లేషలకును వ్యాఖ్యానములు వెదకుదుము గాని, యా కావ్యములలోని వంటకములకు వ్యాఖ్య యక్కఱలేదని తలఁతుము. అన్నము, పప్పు, కూర, పచ్చడి యనునవి దినదినమును జూచునవే కదా యని మన ధైర్యము. ఈ ధైర్యమే మనలను బెక్కుచోట్లఁ దప్పుత్రోవఁ బట్టించుచున్నది. పదార్థము నిలిచియుండఁగాఁ బదము మాఱుట వైయాకరణులకుఁ బరిచితమైన సంగతి. పదము నిలిచియుండఁగాఁ బదార్థము మాఱుట యంత పరిచితము కాదు. దానిని నేర్చుకొనుటకు వంటయింటికంటె మంచి పాఠశాల లేదు.

ఈ వ్యాసమున నేను జెప్పఁబూనిన విషయ మొక్కటియే. నేఁడు తెలుఁగువారి భోజనమునకు గుఱుతుగా నెల్లరు నెన్నెడు మిరపకాయను, నన్నయభట్టు మొదలుకొని శ్రీనాథుని వఱకుఁ గల మన కవులలో నొక్కఁడును రుచి చూచియుండలేదు. తిక్కనసోమయాజి భుజించిన కూర ఘాటుగా నుండినచో నది మిరియపు ఘాటు, అల్లపు ఘాటు, లేదా ఆవఘాటు. చరిత్రకారు లీ సంగతి నెఱుఁగనివారు కారు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లోఁ గావ్యములనుండి మన పూర్వుల తిండి తీర్థములను గూర్చిన సామగ్రిని విస్తారముగాఁ బ్రోగుచేసిరి. కాని పాఠము చెప్పువారి చెవి కిది యింకను జక్కఁగా సోఁకలేదు. మిరియ మనుపదము వచ్చినచోట మిరప యని యర్థము చెప్పి, విద్యార్థి మనస్సున నెఱ్ఱని కూరను నిలిపెడు బోధకులు నేఁటికిని గలరు.

మిరపచెట్టు పుట్టినిల్లు అమెరికాఖండము. మెక్సికో మొదలగు దేశములవారు దానిని వేలయేండ్లుగాఁ బెంచుకొని తినుచుండిరి. 1492లో కొలంబసు మిరియములు దొరకు తూర్పుదేశములను వెదకుచుఁ బడమటిత్రోవను బోయి యా ఖండపు దీవులను జేరెను. మిరియము దొరకలేదు. మండెడి కాయ వేఱొకటి దొరకెను. స్పెయినుదేశపు భాషలో మిరియమునకుఁ బిమియెంత యని పేరు. ఈ కాయకుఁ బిమియెంతో యని పేరు పెట్టిరి. లింగభేదమాత్రముచే వస్తుభేదమును దెలిపిన యీ యుపాయము వ్యాకరణము చదివినవారికి ముచ్చట గొలుపక మానదు. 1498లో వాస్కో డ గామా కాలికట్టునకు వచ్చెను. 1510లో పోర్చుగీసువారు గోవను బట్టుకొనిరి. పదునాఱవ శతాబ్దమున వారి యోడలవెంట మిరపవిత్తనములు మన పడమటితీరమున దిగినవి.

క్రొత్తగా వచ్చిన యీ కాయకు మన దేశభాష లెట్లు పేరు పెట్టినవో చూచినచో నీ చరిత్రము మఱింత తేటపడును. కన్నడమున మెణసు అనఁగా మిరియము, మెణసినకాయి యనఁగా మిరపకాయ. అఱవమున మిళగు అనఁగా మిరియము, మిళగాయ్ అనఁగా మిరపకాయ. మరాఠీలో మిరే, మిర్చీ యనువానికిని నిదే సంబంధము. మన మిరియము, మిరపకాయ లీ వరుసలోనివే. మలయాళపువారి కథ యింకను వింత. అక్కడ ముళగు అనునది మొదట మిరియమునకే పేరు. క్రొత్తకాయ వచ్చి యాపేరును దనదిగాఁ జేసికొనఁగా, నింటిదైన మిరియమునకుఁ గురుముళగు అని విశేషణము తగిలింపవలసి వచ్చినది. మిరియపుఁదీఁగకుఁ బుట్టినిల్లయిన దేశముననే దానికిఁ బేరు కఱవగుట చిత్రము కాదా? హిందీవారును మిర్చ్ అన్నచో మిరపనే తలఁచి, మిరియమును నల్లమిర్చ్ అందురు. మలయాళమున మిరపకు మఱియొక పేరు కప్పల్ ముళగు. కప్పల్ అనఁగా నోడ. ఓడమీఁద వచ్చిన మిరియమని యాపేరే చెప్పుచున్నది.

మిరియశబ్దము ప్రాచీనమైనది. సంస్కృతమున మరిచ మనియు మరీచ మనియు రెండు రూపములు గలవు. ప్రాకృతమున నిది మిరియ రూపమును బొందు నని హేమచంద్రుఁడు తన వ్యాకరణమున స్వప్నాదిశబ్దములతోఁ జేర్చి చెప్పెను. ఆయన పండ్రెండవ శతాబ్దమువాఁడు. మన మిరియ మా ప్రాకృతరూపమునుండి వచ్చిన తద్భవము. అమరసింహుఁడు మరీచమునకుఁ జెప్పిన పర్యాయములలోఁ గృష్ణ మనునది యొకటి. నలుపును జెప్పు పేరున్నది గాని యెఱుపును జెప్పు పేరొక్కటియు లేదు. మరిచశబ్దము సంస్కృతగ్రంథములలో నున్నది కాన మిరపయుఁ బ్రాచీనమే యని వాదించువారు కొందఱు నాకుఁ దటస్థపడిరి. వారికి నే నడుగు ప్రశ్న యొక్కటియే. చరకసుశ్రుతులు శొంఠి పిప్పలి మరిచములను ద్రికటు వనిరి. ఆ ముప్పేటలోని మరిచము మిరపకాయయే యైనచో, నేఁడును వైద్యుఁడు త్రికటుచూర్ణమున మిరియమును నూఱుచున్నాఁ డేల?

పాతపేరు నాధారముగాఁ జేసికొని క్రొత్తవస్తువునకుఁ బేరు కల్పించుట మిరపయందే కాదు. సముద్రము దాఁటివచ్చిన పంటలను మనవారు పెక్కింటి నిట్లే తెలుఁగు చేసికొనిరి. భూమిలోఁ గాయు సెనగవంటిది కాన వేరుసెనగ. జీడిగింజవంటి గింజయు మామిడివంటి పండును గల చెట్టు కాన జీడిమామిడి. జొన్నను బోలిన మొక్కజొన్న. పొగ త్రాగుట కుపయోగించు నాకు పొగాకు. ఇవి యన్నియు అమెరికానుండి వచ్చినవే. బంగాళాదుంప యా ఖండపుదే యైనను మనకు వంగదేశపు మార్గమున వచ్చినందున నా దేశపు పేరు దాల్చినది. దేనితోడను బోలిక కుదురని యనాసపం డొక్కటి తన పరదేశపు పేరుతోనే నిలిచినది. అన్నిటికంటె మోసగించునది సీతాఫలము. పేరు విన్నవారు రామాయణకాలపు పండని తలఁతురు. అదియును నా యమెరికాచెట్టే. నామసంస్కారము మిక్కిలి చక్కఁగా జరిగినపుడు బిడ్డ పెంపుడుబిడ్డ యను సంగతి మఱుపు వచ్చును.

ఇఁక గ్రంథసాక్ష్యము. కల్యాణి చాళుక్యుఁడైన మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దపుఁ బూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున నన్నభోగ మను ప్రకరణము గలదు. అందు మాంసపాకములనుండి మినుపపిండితోఁ జేయు నిడ్డరిక వఱకును రాజభోజనము సవిస్తరముగాఁ జెప్పఁబడినది. ఘాటునకు మరిచము, జీలకఱ్ఱ, యింగువ మొదలగునవే కనఁబడును. పాల్కురికి సోమనాథుఁడు భక్ష్యముల పట్టికలు వ్రాయుటలో విసువెఱుఁగని కవి. క్రీడాభిరామమున నోరుఁగంటి పూటకూటి యింట నొక రూకకు దొరకు భోజనము వర్ణింపఁబడినది. వీనిలో నెచ్చటను మిరప లేదు. ఒక గ్రంథమున లేదన్నంత మాత్రమున వస్తువు లోకమున లేదని చెప్పరా దనుట నిజమే. కాని యుప్పును ఇంగువను సయితము విడువక చెప్పు పట్టికలు నాలుగైదు శతాబ్దము లొక్కదానినిగూర్చియే మౌనము వహించినచో నా మౌనమును సాక్ష్యముగాఁ గొనవలసినదే.

ఆముక్తమాల్యద యీ విషయమున మిక్కిలి విలువగలది. కృష్ణదేవరాయలు రాజ్యము చేసినది 1509 మొదలు 1529 వఱకు. గోవలోఁ బోర్చుగీసువారు దిగిన కాలమును నదే. ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుఁడు వైష్ణవుల కేయే ఋతువున నేమేమి వడ్డించెనో రాయలు చెప్పెను. వానకాలమున వరుగులు, వడియములు. వేసవిని జలువచేయు పానీయములు. చలికాలపు వంట నాకుఁ బ్రకృతము. అందు వేఁడికూరలకు ఘాటు నిచ్చునది మిరియపుఁబొడి, పచ్చళ్ళకు ఘాటు నిచ్చునది యావ. ఆవఘాటు ముక్కున కెక్కు నని కవి చెప్పుట గమనింపఁదగినది. ఇది వంట నెఱిఁగినవాని మాట. మిరప నాలుకను మండించును, గొంతును బట్టును. నెత్తికెక్కి ముక్కును బగులఁగొట్టున దావయే. ఈ పద్యమును జెప్పునప్పుడు విద్యార్థికిఁ గొంచె మావ నూఱి వాసన చూపించినచో రెండుపుటల టిప్పణముకంటె మేలు. అటుగాక నేఁటి కారపుఁబచ్చడిని మనస్సున నుంచుకొని యర్థము చెప్పినచోఁ గవి పడిన శ్రమ యంతయు వ్యర్థము.

ఆవ పేరు రాఁగానే యావకాయ జ్ఞప్తికి వచ్చును. నేఁటి యావకాయజాడీని జూచినవా రది మిరపకాయల సొత్తందురు. రంగు దానిదే, మంట దానిదే. కాని పేరు దానిది కాదు. ఆవతోఁ గూడిన కాయ యని మధ్యమపదలోపముగా విగ్రహము చెప్పవలెను. మిరప ప్రధానమైన కాలమున నీ యూరుఁగాయ పుట్టియుండినచో దానికిఁ గారపుఁగాయ యనియో మఱియొకటియో పేరు వచ్చియుండును. ఊరుఁగాయకు ఘాటు పెట్టుట యావ పనిగా నున్న కాలముననే యీ పేరేర్పడిన దని నా యభిప్రాయము. మిరప తరువాత వచ్చి రంగును రుచిని దనవిగాఁ జేసికొన్నది గాని పేరును గదల్పలేకపోయినది. ఆవపెట్టినకూర యను వ్యవహార మిప్పటికిని మన యిండ్లలోఁ గలదు.

నాకుఁ దోఁచిన సాక్ష్యములలో మిక్కిలి బలమైనది శ్రాద్ధపువంట. వేదమున నిలిచి లోకమున నశించిన రూపములను మనము ఛాందసము లందుము. అట్లే దినదినపు వంటలో నశించిన పాకక్రమము పితృకార్యమునఁ బెక్కిండ్ల నిలిచియున్నది. తద్దినమునాఁడు వంటలోఁ బచ్చిమిరపగాని యెండుమిరపగాని వేయరు. మిరియము, అల్లము, జీలకఱ్ఱ వేయుదురు. అరఁటికాయ, కాకర, కంద, చేమ వండుదురు గాని బంగాళాదుంప, టొమాటో, క్యాబేజి వండరు. మా యింటను నా చిన్ననాఁటినుండి యిదే యాచారము. కారణ మడిగినచోఁ బురోహితుఁడు శాస్త్రనిషిద్ధ మనును. స్మృతికర్త లెఱుఁగని వస్తువును బేరుపెట్టి నిషేధించు టెట్లు? ఇది నిషేధము కాదు, పాతవంటను మాఱ్చుటకు జంకు. పూరీక్షేత్రమున జగన్నాథుని మహాప్రసాదమునను మిరప, బంగాళాదుంప, టొమాటో చేరవు. అయితే తద్దినమున వాడనిదంతయుఁ బరదేశపుదని యనుమానింపరాదు. ఉల్లి వెల్లుల్లి మనకుఁ బ్రాచీనములే. వానిని ధర్మశాస్త్రములు పేరుపెట్టియే నిషేధించినవి. ఒక్కొక్క వస్తువును వేఱువేఱుగా విచారించి తీర్మానింపవలెను.

ఇంతటి మార్పు వంటయింట నెట్లు సంభవించినది? రుచియొక్కటియే కారణ మనుకొనరాదు. మిరియపుఁదీఁగకు మలయాళపు కొండలలోని వానయు నీడయుఁ గావలెను. కృష్ణాగోదావరుల మైదానములలో నది పండదు. కాన తెలుఁగువారికి మిరియ మెప్పుడును గొనితెచ్చుకొను వస్తువే. కాకతి గణపతిదేవుఁ డోడవర్తకుల కభయమిచ్చి 1244లో వేయించిన మోటుపల్లి శాసనమున సుంకము విధింపఁబడిన సరకులలో గంధము, కర్పూరము, ముత్తెములతోపాటు మిరియమును గలదు. దాని గౌరవ మట్టిది. మిరపయో, పెరటిలో నాలుగు మొక్కలు నాటినచో నేడాదికిఁ జాలును. ఎండఁబెట్టి యటుకపైఁ బెట్టుకొనవచ్చును. సంబారముల కొట్టునకుఁ బోలేని యిల్లాలికి మొట్టమొదట ఘాటు సులభముగా నిచ్చినది మిరపయే. కూరలేని నాఁడు గంజితో, సంకటితో నంజుకొను గొడ్డుకార మా యిండ్ల సృష్టి. పండితులు దీనిని దక్కువగాఁ జూతురు. చరిత్రదృష్టితోఁ జూచిన నిది దొరల బల్లలమీఁదినుండి దిగినది కాదు, పెరటినుండి లోపలికి వచ్చినది. తరువాతఁ జేలలోనికిఁ బోయి వాణిజ్యపుఁబంట యైనది. గుంటూరు పేరు నేఁడు మిరపవలననే దేశదేశములఁ బ్రసిద్ధము.

ఈ వ్యాప్తికి భాషయందుఁ బడిన ముద్ర కారశబ్దము. దీనిని క్షారశబ్దభవ మనువారు గలరు. మొదట నిది గుణవాచకము. మిరియపుఁ గారము, శొంఠి కారము అనుట కేమియు నడ్డులేదు. నేఁడు ‘కూరలోఁ గారము వేసితివా’ యని యడిగినచోఁ గార మనఁగా మిరపపొడి యను ద్రవ్యము. గుణమునకున్న పేరు ద్రవ్యమునకు రూఢమైనది. షడ్రసములలోఁ గటువను రసమున కంతటికిని నొక్క కాయ ప్రతినిధి యైన దన్నమాట. ప్రాచీనకావ్యమునఁ గారశబ్దము కనఁబడినపు డీ క్రొత్తరూఢి నక్కడికి మోసికొనిపోరాదు.

ఈ విచారమున కింకను జాల సామగ్రి మన యిండ్లలోనే యున్నది, కాని యది వ్రాతలో లేదు. తద్దినపు వంట నేఁడు పెక్కుచోట్ల వంటవారికి నొప్పగింపఁబడుచున్నది. వారు కోనసీమకును, బలనాటికిని, దెలంగాణమునకును నొక్కటే పద్ధతి నడపుదురు. ఏ యింట మిరియమునకు బదులు పిప్పలి వాడిరో, యే సీమలో మినుములకు బదులు పెసలు గైకొనిరో, యే దుంప యే కులమువారి విస్తరిలోఁ జేరినదో యెఱిఁగినవారు డెబ్బది యెనుబది యేండ్ల వృద్ధస్త్రీలు. మన పాఠశాలల పండితులు తమతమ గ్రామములలో వారి నడిగి, కూరలపేళ్ళను, సంబారములపేళ్ళను, వానిని వాడు సందర్భములను వారు పలికిన రూపముననే, గ్రాంథికముగా దిద్దక, వ్రాసి పంపినచోఁ బత్రికవా రా పట్టికలను సీమల వరుసను బ్రకటింతురని తలఁచుచున్నాను.