హిఫ్జ్ (ఖురాన్ కంఠస్థం)

ఖురాన్ గ్రంథాన్ని అరబ్బీ మూలంలో ఆద్యంతం కంఠస్థం చేయుటను హిఫ్జ్ అంటారు. అలా చేసినవారిని హాఫిజ్ అని, స్త్రీలైతే హాఫిజా అని వ్యవహరిస్తారు. ఖురాన్‌లో 114 సూరాలు, 30 పారాలు గలవు. నేర్చుకొనుట కన్నా మరువకుండా నిలుపుకొనుటయే కష్టం. వల్లెవేయని వాని నుండి ఖురాన్ కట్టివేసిన ఒంటె కన్నా వేగంగా జారిపోతుందని హదీసులు హెచ్చరిస్తున్నాయి.

అభ్యాస విధానం
భారత ఉపఖండపు మదరసాలలో విద్యార్థి ప్రతిదినం మూడు పాఠాలు ఉస్తాద్‌కు అప్పజెప్పుతాడు.
* సబఖ్: ఆనాటి కొత్త పాఠం. తజ్వీద్ (ఉచ్చారణ నియమాలు) దోషాలను ముందే సవరించుకోవాలి; తప్పుగా నాటుకున్నది తొలగించుట కష్టం.
* సబఖీ: ఇటీవల నేర్చిన పాఠాల పునశ్చరణ.
* మంజిల్: పాత పారాల పునశ్చరణ.

పలువురు చిన్న సూరాలు గల 30వ పారాతో ప్రారంభిస్తారు. ఎల్లప్పుడూ ఒకే ముద్రణ ప్రతిని వాడితే, ఆయత్ (వాక్యం) పుటలో ఉన్న చోటు కూడా జ్ఞాపకముంటుంది. మదీనా ముద్రణలో పుటకు 15 పంక్తుల చొప్పున 604 పుటలుంటాయి. ప్రతి పుట ఆయత్‌తోనే ముగుస్తుంది. మౌరిటానియాలో కొయ్యపలకపై సిరాతో వ్రాసి, కంఠస్థమైన పిదప కడిగివేసే సంప్రదాయం ఉంది.

పోలిక గల ఆయత్‌లు
దాదాపు ఒకే పదాలు గల ఆయత్‌లను ముతషాబిహాత్ అంటారు. వీటి వలన హాఫిజ్ తెలియకుండానే ఒక సూరా నుండి మరొక సూరాకు మళ్ళే ప్రమాదముంది. కావున వాటిని ప్రక్కప్రక్కన వ్రాసుకొని భేదాన్ని గుర్తిస్తారు.

నిలుపుకొనుట
ఖురాన్‌ను ఏడు మంజిళ్ళుగా కూడా విభజించారు. దినానికొకటి చొప్పున చదివితే వారానికొకసారి పూర్తవుతుంది. నమాజులో చూడకుండా పఠించుట మరొక సాధనం. రంజాన్ మాసపు తరావీహ్ నమాజులో హాఫిజ్ పొరబడితే, వెనుక నిలిచిన మరొక హాఫిజ్ సరిదిద్దుతాడు. అందుచేత హాఫిజ్‌లు రంజాన్‌కు ముందు నుండే ఒకరికొకరు వినిపించుకుంటారు. పట్టా పొందుటతో హిఫ్జ్ ముగియదు. పునశ్చరణ జీవితాంతం సాగవలసినదే.