మహమ్మారి వేళ ఉపాధ్యాయుల ఎన్నిక

అండమాను నికోబారు దీవులకు శాసనసభ లేదు. శాసనసభయే లేనిచోట శాసనమండలి మాట యెక్కడిది? ఇచ్చటి తెలుగు ఉపాధ్యాయుడు లోకసభకు ఓటు వేయును. పంచాయతీకో, పురపాలక సంఘమునకో ఓటు వేయును. కాని ఉపాధ్యాయుడుగా, తన వృత్తి పేరిట, అతనికి ఓటు లేదు. సముద్రమున కావలియొడ్డున, గోదావరి జిల్లాలలో ఉన్నత పాఠశాలలో పనిచేయు అతని అన్నకో, తోడల్లునికో ఆ హక్కు కలదు. 2011 జనగణనము ప్రకారము ఈ దీవులలో నూటికి సుమారు పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. వారి బంధువర్గమున నొక బడిపంతులు లేని యిల్లు అరుదు. అందుచేత 2021వ సంవత్సరమున, కరోనా మహమ్మారి నడుమ, ఉభయ గోదావరి జిల్లాలలో జరిగిన ఉపాధ్యాయ నియోజకవర్గపు ఎన్నిక ఇచ్చటివారికి పరాయి కథ కాదు.

వృత్తిని బట్టి ఓటునొసగు పద్ధతి లోకమున అంతగా కానరాదు. 1937 నాటి ఐర్లండు రాజ్యాంగము విశ్వవిద్యాలయ పట్టభద్రులకు సెనేటున స్థానములు కల్పించినది. భారత రాజ్యాంగము 171వ అధికరణమున పట్టభద్రులతోపాటు ఉపాధ్యాయులకును శాసనమండలిలో పండ్రెండవ వంతు స్థానములు కేటాయించినది. ఆంధ్రప్రదేశ్ మండలిలో నేడు మొత్తము 58 స్థానములు. అందు ఉపాధ్యాయులవి అయిదు. ఇందొక మెలిక కలదు. ఓటరు ఉపాధ్యాయుడై యుండవలెను గాని అభ్యర్థి ఉపాధ్యాయుడు కానక్కరలేదు. పట్టభద్రుల నియోజకవర్గమును గూర్చి 1972లో సుప్రీంకోర్టు ఇట్లే తీర్పు చెప్పినది. మరియొక మెలిక ఇంతకన్న కఠినమైనది. ఉన్నత పాఠశాలకు తక్కువగాని విద్యాసంస్థలో, కడచిన ఆరేండ్లలో మొత్తము మూడేండ్లు పనిచేసినవారికే ఈ ఓటు. అక్షరములు దిద్దించు ప్రాథమిక పాఠశాల పంతులుకు లేదు! బిడ్డకు ‘అ ఆ’లు నేర్పినవాడు విద్యను గూర్చి ప్రతినిధి నెన్నుకొనుటకు తగడనుట ఏ తర్కమో బోధపడదు.

ఆంధ్రప్రదేశ్ శాసనమండలి జీవితమే ఒడిదుడుకులది. 1958లో ఏర్పడి, 1985లో రద్దై, 2007లో మరల ప్రాణము పోసుకొన్నది. ఆ పునర్జన్మ వేళనే ఉపాధ్యాయ సంఘముల వారు కొందరు పార్టీల గొడుగు వెలుపల నిలిచి ‘ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్’ అను కూటమిగా పోటీకి దిగిరి. చుక్కా రామయ్య వంటి విద్యావేత్తలు ఆ యేడే మండలికి వచ్చిరి. దీనికి వెన్నెముకగా నిలిచిన సంఘములలో ముఖ్యమైనది 1974లో పుట్టిన ఐక్య ఉపాధ్యాయ సమాఖ్య. ధనబలముగాని, ప్రభుత్వ బలముగాని లేని ఈ కూటమికి మండలములలోని సంఘశాఖలే ఆస్తి.

2020 జనవరి 27వ తేదీన రాష్ట్ర శాసనసభ మండలిని రద్దు చేయవలెనని తీర్మానించి కేంద్రమునకు పంపినది. పార్లమెంటు చట్టము చేయువరకు మండలి నిలిచియుండును గాని తలపై కత్తి వ్రేలాడుచునే యుండెను. ఆ తీర్మానమును ప్రభుత్వము ఉపసంహరించుకొన్నది 2021 నవంబరు 23న. అనగా ఈ కథలోని ఎన్నిక, రేపు ఉండునో ఉండదో తెలియని సభకు జరిగిన ఎన్నిక. ఇంతలో మార్చి నెల వచ్చినది, మహమ్మారి వచ్చినది. బడులు మూతపడినవి. ఇచ్చట దీవులకును ఆ నెలాఖరుననే వ్యాధి ప్రాకినది. విశాఖకు, మద్రాసుకు పోవు ప్రయాణికుల ఓడలు నిలిచిపోయి, సెలవులకు స్వస్థలము చేరవలసినవారు చేరలేకపోయిరి.

మండలి ఎన్నికలలో అసలు పోరు ప్రచారముతో మొదలుకాదు, ఓటరుల పట్టికతో మొదలగును. శాసనసభ పట్టిక వలె ఇది ఏటేట దిద్దుకొనునది కాదు. ప్రతి ఎన్నికకు పాత పట్టికను ప్రక్కనబెట్టి సరిక్రొత్తగా వ్రాయుదురు. ప్రతి ఉపాధ్యాయుడును 19వ నమూనా పత్రమును నింపి, తాను పనిచేసిన కాలమునకు సంస్థాధిపతి ధ్రువపత్రమును జతపరచి ఇచ్చుకొనవలెను. 2020లో ఇందులకు గడువు అక్టోబరు 1 మొదలు నవంబరు మొదటి వారము వరకు. ఆంధ్రప్రదేశమున బడులు తెరచినదో, నవంబరు 2న. అదియును తొమ్మిది, పది తరగతులకు మాత్రమే. బడి తెరచిన వారముననే గడువు ముగిసినది! ప్రధానోపాధ్యాయుడు ఏ ఊర నున్నాడో, ఆయన సంతకము ఎట్లు సంపాదించవలెనో, వ్యాధి సోకి యింట పడియున్నవాని పత్రము ఎవరు తెచ్చియిత్తురో, ఇవియే నాటి ప్రశ్నలు. సభలు పెట్టి ఉపన్యాసము లిచ్చినంత మాత్రమున ఈ పని కాదు. ఏ బడిలో ఎవరు మూడేండ్లు నిండినవారు, ఎవరు బదిలీపై వచ్చినవారు అను లెక్క ముందే చేతనున్న సంఘమునకే అది సాధ్యము. ఇట్లు రూపొందిన పట్టికలో ఉభయ గోదావరులలో పదునేడు వేల పైచిలుకు, కృష్ణా గుంటూరులలో పదమూడు వేల పైచిలుకు పేర్లు నిలిచినవి.

ఉపాధ్యాయునకు ఆ శీతకాలమున తన ఎన్నిక కన్న ముందు ఇతరుల ఎన్నిక మీద పడినది. 2020 మార్చి 15న మహమ్మారి కారణముగా ఆగిపోయిన స్థానిక ఎన్నికల ప్రక్రియ 2021 జనవరిలో తిరిగి కదలినది. టీకా వేయకముందే విధులకు పొమ్మనుట తగదని ఉద్యోగ సంఘములు వాదించినవి. హైకోర్టున ఒకమారు ఆగి, మరల సాగి, జనవరి 25న సుప్రీంకోర్టు జోక్యము చేసికొననన్న పిదప ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీలలో పంచాయతీల పోలింగు జరిగినది. ఓటు పెట్టెలు మోసినవారు, రాత్రి లెక్కించినవారు చాలవరకు పంతుళ్లే. ఎన్నికల విధి యననేమో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ దీవులలో మాత్రము దారి వేరయినది. 2015లో ఎన్నికైన పంచాయతీల, పురపాలక సంఘపు గడువు 2020లో తీరినను, మహమ్మారి వలన పోలింగు 2022 మార్చి 6 వరకు జరుగలేదు. వేచియుండుట మేలో, సాగించుట మేలో యనునది నాడు తేలని చర్చ. ఆ ఏప్రిలులో ఉత్తరప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరిగిన పిదప, విధులలో పాల్గొని మరణించినవారని అచ్చటి ప్రాథమికోపాధ్యాయ సంఘము 1,621 పేర్ల పట్టికను ప్రకటించినది. ప్రభుత్వము తొలుత దాని నంగీకరింపలేదు.

మండలి ఎన్నికకు షెడ్యూలు ఫిబ్రవరి 11న వెలువడినది. పోలింగు మార్చి 14. నడుమ నెల దినములు. ఉభయ గోదావరి నియోజకవర్గమనగా చిన్న ప్రదేశమా? చింతూరు మన్యము నుండి కోనసీమ లంకల వరకు, పోలవరము కొండల నుండి కొల్లేటి యొడ్డు వరకు. ఒక్కొక్క బడిలో పదిమందో, పదునైదుగురో ఓటరులు. మామూలు కాలమున అభ్యర్థి మధ్యాహ్న విరామవేళ ఉపాధ్యాయుల గదిలోనికి వచ్చి, నాలుగు మాటలాడి, టీ త్రాగి, మరుసటి బడికి పోవును. ఇంటింటి ప్రచారమునకు అభ్యర్థితో కలిపి అయిదుగురికి మించరాదని ఎన్నికల సంఘము 2020 ఆగస్టులోనే నియమము పెట్టినది. పెద్ద పార్టీలకు అది సంకెల. సంఘపు కార్యకర్తకు అది క్రొత్త గాదు; అతడెన్నడును ఇరువురు ముగ్గురుగానే తిరిగినవాడు. మిగిలిన పని వాట్సాపు చేసినది. ఐక్య ఉపాధ్యాయ సమాఖ్య నాయకుడు షేక్ సాబ్జీ కూటమి పక్షమున ఇచ్చట పోటీచేసెను. వేతన సవరణ, భాగస్వామ్య పింఛను రద్దు, బడుల స్థితి మొదలగునవి నాటి చర్చలోని విషయములు.

ఈ ఎన్నికలో ఓటు యంత్రము లేదు. పత్రముపై గుర్తులుండవు, హస్తము గాని, చక్రము గాని వెదకినను కానరాదు. అభ్యర్థుల పేర్ల కెదురుగ ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యపు అంకెలు వేయవలెను. అదియును పోలింగు కేంద్రమున ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే. తన జేబులోని కలముతో వ్రాసిన పత్రము చెల్లదు. జన్మమంతయు ఇతరుల పత్రములు దిద్దిన చేతులు ఆ నియమము మరచి తమ పత్రమునే చెడగొట్టుకొనుట ప్రతి ఎన్నికలోను కలదు. చెల్లిన ఓట్లలో సగమునకు పైన ఒకటి వచ్చినవాడు గెలిచినట్లు. ఎవరికిని రానిచో అడుగున నున్నవాని పత్రములలోని రెండవ అంకెలు పైవారికి చేరుచు పోవును. కనుక ఎదిరి పక్షము వానిని దూషించుట ఇందు తెలివిగాదు. వాని మిత్రుని చేత రెండవ అంకె వేయించుకొనవలసి రావచ్చును గదా!

మార్చి 14 ఆదివారము. ఓటరులు మాస్కులు ధరించి, ఎడమెడముగా నిలిచి, ఉదయము 8 గంటల నుండి సాయంత్రము 4 వరకు ఓట్లు వేసిరి. 17న లెక్కింపు. ఉభయ గోదావరులలో సాబ్జీ గెలుపొందెను. అదేదినము కృష్ణా గుంటూరు ఉపాధ్యాయ స్థానమున టి. కల్పలత గెలుపొందగా, అదే కూటమి అభ్యర్థి ఓడిపోయెను. రెండు నియోజకవర్గములకును మహమ్మారి ఒకటే, నియమములొకటే. పాత పరిచయములు ఒకచోట గట్టెక్కించినవి, ఇంకొకచోట చాలలేదు. సంఘశాఖల బలమే సర్వమని చెప్పువారు ఈ రెండవ ఫలితమును గూడ లెక్కలోనికి తీసికొనవలెను.

గెలిచినవారికి ఊపిరి సలుపుకొను వ్యవధి లేకపోయినది. ఏప్రిలు, మే నెలలలో రెండవ విడత వ్యాధి విరుచుకుపడినది. పల్లెలలో, పట్టణములలో ఎందరో ఉపాధ్యాయులు కన్నుమూసిరి. పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు జరిపితీరవలెనా యను ప్రశ్న రాష్ట్రమును కుదిపినది. ఇంటర్మీడియట్ పరీక్షను గూర్చి సుప్రీంకోర్టు తీవ్రముగా ప్రశ్నించిన పిదప జూన్ 24న ప్రభుత్వము రెండు పరీక్షలను రద్దుచేసినది.

సాబ్జీ ఆరేండ్ల పదవీకాలమును పూర్తిచేయలేదు. 2023 డిసెంబరులో అంగన్వాడీ కార్యకర్తలు సమ్మె చేయుచుండగా వారికి సంఘీభావము తెలుపుటకై భీమవరము పోవుచు, డిసెంబరు 15న ఉండి మండలము చెరుకువాడ యొద్ద జరిగిన రోడ్డు ప్రమాదమున మరణించెను. అంగన్వాడీలకును, ప్రాథమికోపాధ్యాయులకును అతని నెన్నుకొనిన పట్టికలో చోటు లేదు. తనకు ఓటు వేయజాలని వారి కొరకే అతని కడపటి ప్రయాణము.

ఖాళీ అయిన ఆ స్థానమునకు మరల క్రొత్త పట్టిక వ్రాసిరి. మరల 19వ నమూనా పత్రములు, మరల ధ్రువపత్రములు. అప్పటికి రెండు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విడిపోయి యుండెను. 2024 డిసెంబరు 5న ఉప ఎన్నిక జరుగగా, అదే కూటమి అభ్యర్థి బొర్రా గోపీమూర్తి గెలుపొందెను. ఈసారి కేంద్రములలో మాస్కులు లేవు. ఊదారంగు స్కెచ్ పెన్ను మాత్రము అదే.