టోపీ దీపం అద్దం

మా పెదనాన్న ఇంట్లో, నడవలో మేకుకు ఒక క్యాప్ ల్యాంపు వేలాడుతుంటుంది. బొగ్గు బాయి దీపం ఇంటికి రాదు. షిఫ్టు దిగి పైకి వచ్చినవాడు దాన్ని ల్యాంప్ రూములో అప్పజెప్పి పోవాల్సిందే. ఇది ఆయన రిటైరైన తర్వాత ఇల్లందులో పాత సామాను కొట్టులో కనబడితే కొనుక్కొచ్చుకున్నది. నడుము బెల్టుకు తగిలించే నల్లటి బ్యాటరీ డబ్బా, అందులోంచి పైకి మొలిచిన బొటనవేలు లావు వైరు, వైరు చివర గుప్పిట్లో పట్టేంత దీపం. మొత్తం రెండు కిలోలకు పైనే ఉంటుంది. డబ్బాలో ఉండేది సీసం, ఆమ్లం. ఆ ఆమ్లం చెమర్చి ప్యాంట్లకు చిల్లులు పడేవని ఇలాంటి దీపాలు మోసిన వాళ్ళంతా చెబుతారు.

మొన్న మా ఊరు టేకులపల్లి వెళ్ళినప్పుడు దాన్ని కిందికి దించి, మూత విప్పి, ముందున్న అద్దాన్ని గోరుతో గీకి చూశాను. గాజైతే గోటికి చల్లగా తగులుతుంది, ఖణఖణమంటుంది. ఇది మందంగా టక్కుమంది. దాని మీద సన్నటి గీతలు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. పగులు మాత్రం ఒక్కటీ లేదు.

"ఏందిరా, పాత సామాను ముందలేసుకొని కూర్చున్నవ్?" అన్నాడు పెదనాన్న.

"అద్దం చూస్తున్న పెదనాన్నా. ఇది గాజు కాదు."

"గాజైతే ఇన్నేండ్లుంటదా? పైకప్పు పెళ్ళ పడ్డా పగల్లే అది."

ఆ పగలని అద్దం పేరు పాలీకార్బొనేట్. దాని పుట్టుక వెతుక్కుంటూ పోతే తిరిగి తిరిగి బొగ్గు దగ్గరికే వచ్చాను. మా ఊరి నుంచి చూస్తే ఇందులో వింత లేదు. పేరులో టేకు, చుట్టూ అడవి, అడవి కింద బొగ్గు. మండలంలోనే కోయగూడెం ఓపెన్‌కాస్టు ఉంది. పక్కన ఇల్లందు ప్రాంతంలోనే 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు పొరను గుర్తించాడు. అంతకుముందే భద్రాచలం యాత్రికులు నల్లరాళ్ళతో పొయ్యి పెట్టుకుంటే ఆ రాళ్ళే అంటుకున్నాయని చెప్పుకుంటారు. నాకైతే కింగ్ కంటే ఆ యాత్రికుల కథే ఇష్టం. 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి పేరుతో కంపెనీ ఏర్పడింది. ఆ సంగతులు ఇక్కడ అందరికీ తెలిసినవే.

అద్దం కథ మాత్రం ఇంగ్లండులో, ఇద్దరు అన్నదమ్ముల దగ్గర మొదలవుతుంది.

1812 మే 25న ఫెల్లింగ్ అనే ఊరి బొగ్గుగనిలో గ్యాసు అంటుకుని 92 మంది చనిపోయారు. అప్పట్లో బాయిలో వెలుతురంటే మంట, కొవ్వొత్తో నూనె దీపమో. బొగ్గులోంచి ఊరే మీథేన్‌కు ఆ మంట చాలు. ఆ ప్రమాదం తర్వాత దీపం సంగతి చూడమని రసాయన శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీని అడిగారు. 1815లో ఆయన మంట చుట్టూ సన్నటి తీగ జాలీ చుట్టి చూపించాడు. గ్యాసు జాలీలోంచి లోపలికి పోయి మండినా, ఆ వేడిని తీగలు పీల్చేసుకోవడం వల్ల మంట బయటికి దూకదు. లోకమంతా డేవీ దీపం అని చెప్పుకునేది ఇదే.

హంఫ్రీకి ఒక తమ్ముడున్నాడు, జాన్ డేవీ. ఇరవై దాటిన కుర్రాడు. ఫెల్లింగ్ గని పేలిన ఆ 1812లోనే అతను కార్బన్ మోనాక్సైడ్‌నూ క్లోరిన్‌నూ కలిపి ఎండలో పెట్టాడు. రెండూ కలిసి కొత్త వాయువు పుట్టింది. వెలుగులో పుట్టింది కాబట్టి గ్రీకు మాటలతో దానికి ఫాస్జీన్ అని పేరు పెట్టాడు, అంటే వెలుగుబిడ్డ. పేరు ముద్దుగానే ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువులకు చచ్చిపోయిన వాళ్ళలో ఎక్కువమందిని చంపింది ఈ బిడ్డే.

అన్న గని కార్మికుడికి దీపం ఇచ్చాడు. ఆ తర్వాత వందేళ్ళు దాటాక, కార్మికుడి నెత్తిన దీపానికి అద్దం వచ్చింది తమ్ముడి వాయువు నుంచి. ఈ సంగతి ఆ ఇద్దరికీ తెలిసే వీల్లేదు.

ఫాస్జీన్ ఒక్కటే చాలదు, దానితో జతకట్టేది ఇంకొకటి కావాలి. 1834లో రుంగే అనే జర్మన్ బొగ్గు తారులోంచి ఫీనాల్ తీశాడు. మన అమ్మమ్మలు కార్బాలిక్ సబ్బు అనేవారే, ఆ వాసన ఫీనాల్‌దే. 1891లో దియానిన్ అనే రష్యన్ ఫీనాల్‌ను అసిటోన్‌తో కలిపి తయారుచేసిన పదార్థమే బిస్‌ఫినాల్-ఏ. చివరి ఏ అసిటోన్‌ది. అప్పుడు అది దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియదు. మరో ఏడేళ్ళకు, 1898లో, మ్యూనిక్‌లో ఆల్‌ఫ్రెడ్ ఐన్‌హార్న్ దియానిన్ పదార్థంతో కాదు గానీ ఫీనాల్‌కు దగ్గరి చుట్టాలైన వేరేవాటితో ఫాస్జీన్‌ను కలిపాడు. గిన్నెలో మిగిలింది దేనిలోనూ సరిగా కరగని, శుద్ధి చేద్దామంటే లొంగని తెల్లటి ముద్ద. తర్వాత పళ్ళ డాక్టర్లు మత్తుకు వాడిన నొవొకైన్‌తో పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. మొదటి పాలీకార్బొనేట్ అయిన ఈ ముద్దను మాత్రం వదిలేశాడు.

తప్పు ఆయనది కాదు. అణువులు గొలుసులా వేలకొద్దీ ఒకదానికొకటి తగులుకుని ఉండగలవని అప్పటికి దాదాపు ఎవరూ అనుకోలేదు. తపసి చెట్టు బంక, దూది, పట్టు ఇవన్నీ పెద్దపెద్ద అణువుల పనేనని మా అడవిలో బంక గీసే కోయవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ మాటకొస్తే ఐన్‌హార్న్‌కూ ఎవరూ చెప్పలేదు. 1920లో హెర్మన్ స్టాడింగర్ గట్టిగా ఆ మాట అంటే తోటి శాస్త్రజ్ఞులు చాలాకాలం ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఆయనకు నోబెల్ ఇచ్చేటప్పటికి 1953 వచ్చింది.

సరిగ్గా ఆ ఏడాదే పాలీకార్బొనేట్ మళ్ళీ పుట్టింది. రెండు చోట్ల, రోజుల తేడాతో.

జర్మనీలో బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్ దియానిన్ బిస్‌ఫినాల్‌ను తీసుకుని గొలుసు కట్టాడు. కంపెనీ 1953 అక్టోబరు 16న పేటెంటుకు అర్జీ పెట్టింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ వెతుకుతున్నది అద్దం కాదు, కరెంటు వైరు మీద పూసే పూత. తడికి చెడనిది కావాలి. కార్బొనేట్ ఒకటి నీళ్ళకు తొందరగా లొంగలేదని చదువుకునే రోజుల్లో గమనించిన సంగతి గుర్తొచ్చి, బిస్‌ఫినాల్‌తో కలిపి వేడిచేయడం మొదలుపెట్టాడు. కుండలోది చిక్కబడింది, పాకంలా సాగింది, చివరికి తిప్పే మోటారే ఆగిపోయింది. చల్లారాక గాజు పాత్ర పగలగొట్టి చూస్తే కలిపే కడ్డీ చివర ముద్దకట్టి ఉంది. దాన్ని సుత్తిలా నేలకేసి కొట్టారు, మేకులు దిగ్గొట్టారు. పగల్లేదు. పేటెంటు తగవులో బేయర్ నెగ్గింది. ఎవరు నెగ్గినా రెండోవాళ్ళకు లైసెన్సు ఇవ్వాలని ముందే ఒప్పందం కాబట్టి ఇద్దరూ అమ్ముకున్నారు. జర్మనీలో అది మాక్రొలాన్, అమెరికాలో లెక్సాన్. 1969లో చంద్రుడి మీద దిగినవాళ్ళ ముఖం ముందున్నది ఈ లెక్సానే. 1982 నుంచి పాటల సీడీలూ దీనితోనే.

ఎందుకు పగలదు? పూసల దండ అనుకోండి. బిస్‌ఫినాల్ పూస, ఫాస్జీన్ ఇచ్చిన కార్బొనేట్ కొలికి. పూసలు గట్టివి, పెద్దవి, ఒక వరసలో ఒదిగి పడుకోవు. అందుకే పదార్థం గడ్డకట్టినా లోపల స్ఫటికాలు ఏర్పడవు, వెలుతురు నేరుగా దాటిపోతుంది. కొలుకుల దగ్గర మాత్రం కొంచెం మెసులుతుంది. దెబ్బ పడితే ఆ మెసిలే చోట్లు దెబ్బను మింగేస్తాయి. మెత్తబడాలంటే సుమారు 150 డిగ్రీల వేడి కావాలి.

అలాగని దీన్ని మరీ పొగడక్కర్లేదు. గీతలకు తట్టుకోదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కుతుంది. టేకులపల్లి సెంటర్‌లో ఆగిన ఆటోలు, కార్ల హెడ్‌లైట్లు చూడండి, పాతబడ్డవి పచ్చకామెర్ల కన్నులా ఉంటాయి. పళ్ళపేస్టు పెట్టి రుద్దితే తెల్లబడతాయని మెకానిక్కులు రుద్దుతారు. తెల్లబడే మాట నిజమే. కానీ పేస్టు రుద్దినప్పుడు పోయేది పసుపొక్కటే కాదు, కంపెనీలో వేసిన కాపుదల పూత మిగిలుంటే అదీ పోతుంది. నాలుగు నెలలకు ముందుకంటే పచ్చగా తయారవుతుంది. పాలీకార్బొనేట్ ఎండలో ఉంటే దాన్ని కాచే పూత ఉండాలి. ఇప్పుడు ఆ పూతలకూ, నేల మీదా తోలు మీదా వేసే పాలీయురేథేన్ పూతలకూ మెత్తటి రకం పాలీకార్బొనేట్‌నే ముడిసరుకుగా వాడుతున్నారు.

అసలు చిక్కు ఫాస్జీన్‌తోనే. ఆ పేరు వినగానే మనకు 1984 డిసెంబరు 2 రాత్రి గుర్తురావాలి. భోపాల్‌లో పొంగిన మిథైల్ ఐసోసయనేట్‌ను తయారుచేసేది ఫాస్జీన్‌తో. పాలీకార్బొనేట్ కార్ఖానాలూ చాలాకాలం ఆ దారిలోనే నడిచాయి. ఇంకా చాలా చోట్ల నడుస్తున్నాయి. పోనీ ఫాస్జీన్ లేకుండా కుదరదా? కుదురుతుంది. ఫాక్స్ కుండలో చేసినట్టు కరిగించి కలపడమే దారి. దానికి కావలసిన కార్బొనేట్‌ను వేరేగా సంపాదించాలి. 2002లో జపాన్‌కు చెందిన అసాహీ కసెయ్ పద్ధతితో తైవాన్‌లో ఒక కార్ఖానా నడిచింది. అక్కడ మొదటి మెట్టు కార్బన్ డయాక్సైడ్‌ను ఎథిలీన్ ఆక్సైడ్‌తో కలపడం. దానితో ఎథిలీన్ కార్బొనేట్ వస్తుంది, అక్కణ్ణుంచి మెట్టుమెట్టుగా పాలీకార్బొనేట్. వెలుగుబిడ్డ అక్కర లేకుండానే అద్దం తయారైంది.

ఈ ఎథిలీన్ కార్బొనేట్‌ను మీరు రోజూ జేబులో మోస్తున్నారు. సెల్‌ఫోన్ లిథియం బ్యాటరీలో అయాన్లు అటూ ఇటూ ఈదే ద్రవంలో ఉండేది ఇదీ, దీని తోబుట్టువులూ. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచి ఇలాంటి కార్బొనేట్ ద్రవాలే. చిక్కల్లా ఒకటే, అవి అంటుకుంటాయి. స్కూటర్ బ్యాటరీ తగలబడిందని పేపర్లో చదివినప్పుడల్లా మండేవాటిలో ఈ ద్రవమూ ఉంటుంది. ద్రవం బదులు గట్టి పాలిమర్ పెడితే? 1973లో పీటర్ రైట్ పాలీఎథిలీన్ ఆక్సైడ్‌లో లవణం కలిపి అయాన్లు నడుస్తాయని చూపాడు, 1978లో మిషెల్ ఆర్మాండ్ దాన్ని బ్యాటరీకి పెట్టమన్నాడు. కానీ ఆ పాలిమర్ లిథియంను గట్టిగా కావలించుకుంటుంది, వేడిచేస్తే గానీ వదలదు. కార్బొనేట్ కొలుకులున్న గొలుసు పట్టు సడలుగా ఉంటుంది, లిథియం సులువుగా చేతులు మారుతుంది.

అయితే బ్యాటరీకి మా పెదనాన్న దీపం అద్దం పనికిరాదు. అంత బిగుసుకున్న గొలుసులో అయాను కదలలేదు. కావలసింది మెత్తటి రకం. అది 1930లోనే ఉంది. తర్వాత నైలాన్ కనిపెట్టిన వాలెస్ కారొథర్స్ అప్పుడే మెత్తటి పాలీకార్బొనేట్లు చేశాడు. తక్కువ వేడికే కరిగిపోతున్నాయి, పనికిరావని పక్కన పెట్టారు. ఏ గుణం చూసి తోసేశారో ఆ గుణం కోసమే ఇప్పుడు బ్యాటరీ ప్రయోగశాలలు వాటి వెనక పడుతున్నాయి.

మెత్తటి రకం తయారీకి మరో దారి చూపినవాడు టోక్యోలో షొహెయ్ ఇనోవె. 1969లో కార్బన్ డయాక్సైడ్‌నూ ప్రొపిలీన్ ఆక్సైడ్‌నూ జింకు ఉత్ప్రేరకంతో ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. గొలుసు బరువులో 43 శాతం కార్బన్ డయాక్సైడే. ఆ వాయువు మహా సోమరి, తొందరగా దేనితోనూ కలవదు. కలిపించడానికి తగిన ఉత్ప్రేరకం కోసం అమెరికాలో జెఫ్రీ కోట్స్, బ్రిటన్‌లో షార్లెట్ విలియమ్స్ వంటివాళ్ళు ఏళ్ళ తరబడి శ్రమించారు. బేయర్ నుంచి విడిపోయిన కొవెస్ట్రో 2016లో జర్మనీలోని డార్మాగెన్‌లో ఇలాంటి కార్ఖానా తెరిచింది. ఐదో వంతు దాకా కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఆ సరుకు పరుపుల నురగలోకి వెళ్ళింది.

అంటే మా కోయగూడెం లారీలెక్కి పోయే బొగ్గు, ఎక్కడో పొగగొట్టంలోంచి పొగై లేచి, మళ్ళీ పరుపై రావచ్చన్నమాట. వినడానికి బాగుంది. లెక్క వేస్తే అంత బాగుండదు. టన్ను కార్బన్ కాలితే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ప్రపంచం మొత్తంగా ఏడాదికి వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు, చేసే ప్లాస్టిక్ 40 కోట్ల టన్నుల పైచిలుకు. ప్లాస్టిక్ అంతా ఇనోవె పద్ధతిలోనే చేసినా పొగలో నూటికొక వంతు పోవడం గగనం. పొగ తీరుతుందని ఈ పాలిమర్లను అమ్మేవాళ్ళ మాట నేను నమ్మను. ఫాస్జీన్‌నూ, నేల కింది నూనెనూ కొంత తప్పిస్తాయి, అది మాత్రం నమ్ముతాను. వీటిలో బిస్‌ఫినాల్ గొడవా లేదు. పాలసీసాల్లోకి ఊరుతోందన్న భయంతో యూరప్ 2011లో దాన్ని పసిపిల్లల సీసాల నుంచి తీసేయించింది.

బొగ్గును కాల్చకుండా వాడే ఆలోచన మనకూ కొత్త కాదు. హైదరాబాద్‌లో 1944లో మొదలై, ఇప్పుడు ఐఐసీటీ అని పిలుస్తున్న ప్రయోగశాల సింగరేణి బొగ్గును తక్కువ వేడి మీద ఉడికించి పొగరాని బొగ్గూ తారూ తీసే పని మీద చాలాకాలం కూర్చుంది. తారులో ఫీనాల్ ఉంటుంది, రుంగే చూసిన ఫీనాలే. ఈలోగా పెట్రోలియం నుంచి ఫీనాల్ చవగ్గా వచ్చేసింది.

పెదనాన్నకు ఈ రసాయనాలన్నీ చెప్పలేదు. మళ్ళీ ఊరికి వెళ్ళేటప్పుడు కొత్తరకం క్యాప్ ల్యాంపు ఒకటి పట్టుకెళ్ళాను. లిథియం బ్యాటరీ దీపంలోనే ఇమిడి ఉంటుంది, వైరు లేదు, నడుముకు డబ్బా లేదు. రాత్రి పొలం మోటారు దగ్గరికి పోవడానికి పనికొస్తుందని. ఆయన తువ్వాలు మీదే తగిలించుకుని, వెలిగించి, వాకిట్లో చీకటి మీద ఒకసారి తిప్పి చూశాడు. తర్వాత మంచం మీద కూర్చోబోతూ ఎడమచెయ్యి వెనక్కి పెట్టి, నడుము దగ్గర లేని డబ్బాను పక్కకు జరుపుకున్నాడు.

"బరువేదిరా దీనికి?" అన్నాడు.