చలాను వెనుక చరిత్ర

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోయే దారిలో, నగరము దాటి కొంత దూరము సాగగానే ఇబ్రహీంపట్నము వస్తున్నది. కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు, ఆ చెరువును నమ్ముకొని పెరిగిన ఊరు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు కృష్ణపై ఆనకట్టకు శంకుస్థాపన చేసిన తరువాత ఈ దారికి ప్రాముఖ్యము హెచ్చినది. ఎడ్లబండ్లు నడిచిన చోట ఇప్పుడు లారీలు, బస్సులు, కళాశాలలకు పోయే పిల్లల మోటారుసైకిళ్లు బారులు తీరుతున్నవి.

ఆ వైపునుండి ఒక గృహస్థు మాకు ఉత్తరము వ్రాసినారు. వారి కుమారుని సెల్‌ఫోనుకు చలాను వచ్చినది. హెల్మెటు లేకుండా బండి నడిపినాడని ఆరోపణ. చలానుతోపాటు వచ్చిన ఛాయాచిత్రములోని బండి తమది కాదని, నంబరులో ఒక అంకె పొరబడినట్లున్నదని ఆయన అనుమానము. కట్టవలసినది కొద్ది రూపాయలే. ఆయనను బాధించినది ఆ సొమ్ము కాదు. కుమారుడు ప్రభుత్వోద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొంటున్నాడు. దానిలో, ‘మీపై క్రిమినల్ కేసు ఏదైనా ఉన్నదా?’ అన్న ప్రశ్న ఉన్నది. “చలాను వచ్చినంతమాత్రాన మావాడు ముద్దాయి అయినట్లేనా? సొమ్ము కట్టివేస్తే నేరము ఒప్పుకొన్నట్లా? కట్టకపోతే పట్టుకొనిపోతారా?” అని ఆయన అడిగినారు.

ఈ మూడు ప్రశ్నలకు మూడు ముక్కలలో జవాబు చెప్పవచ్చును. కాని ఆ జవాబు మనసుకు పట్టవలెనంటే కొంచెము వెనుకకు పోవలెను. ఎందుకనగా, ఆయన అడిగిన ప్రశ్నల అడుగున మరొక పాత ప్రశ్న ఉన్నది. పట్టుకొన్నవాడే తీర్పు కూడ చెప్పవచ్చునా?

ముందు మాటల సంగతి చూతము. చలాను మన మాట కాదు. నడుచు, నడిపించు అనే అర్థము గల హిందుస్తానీ ధాతువు నుండి వచ్చినది. పంపుట అని భావము. ఖజానాకు సొమ్ము పంపినప్పుడు దానితోపాటు పోయే చీటీ చలాను. పట్టుబడిన మనిషిని కాగితాలతో సహా న్యాయాధికారి ముందుకు పంపుటయు చలాను చేయుటయే. అనగా ఈ మాటలో తీర్పు లేదు, శిక్ష లేదు. ఒక చోటినుండి మరొక చోటికి పంపుట మాత్రమే ఉన్నది.

ముద్దాయి అన్న మాట ఇంకా విచిత్రమైనది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, వాది. ఎవనిపై దావా పడినదో వాడు ముద్దా అలైహి. తెలుగులో ముద్దాయి అంటే నేరారోపణకు గురి అయినవాడు. ఆ పొడుగు మాట నోళ్లలో నలిగి నలిగి పొట్టిదై ఇట్లు తారుమారు అయి ఉండవచ్చును. ఏమైనను, ముద్దాయి వేరు, దోషి వేరు. రచ్చబండ మీద ఈ భేదమును ఎవరూ పాటించరు. పోలీసులు తీసికొనిపోయినారంటే చాలు, ఊరు తీర్పు చెప్పివేస్తుంది.

ఈ మాటలన్నీ మనకు నిజాము కచేరీల ద్వారా వచ్చినవి. 1884లో హైదరాబాదు రాజ్యములో పారసీ స్థానమున ఉర్దూ అధికారభాష అయినది. ఫిర్యాదు, వకీలు, జామీను, జుర్మానా, రుజువు అన్నవి అప్పటికే పల్లెవారి నోట ఉన్నవి. పల్లెవారికి తెలియనిది కాగితములోని మిగిలిన వాక్యము. తనపై ఏమి వ్రాసినారో ఇంకొకరిచేత చదివించుకొనవలసిన మనిషి కచేరీ గడప తొక్కినప్పుడే సగము ఓడిపోయినట్లు.

ఆనాడు రెవెన్యూ అధికారులే క్రిమినల్ కేసులు కూడ విచారించుచుండిరి. శిస్తు వసూలు చేయువాడు, బందోబస్తు చూచువాడు, తప్పు పట్టువాడు, జుర్మానా వేయువాడు ఒకే కచేరీవారు. ఇది నిజాము రాజ్యములోనే ఉన్న దోషము కాదు. బ్రిటిషు ఇండియాలోను కలెక్టరే మేజిస్ట్రేటు. ఈ రెండు అధికారములను విడదీయవలెనని కాంగ్రెసు మహాసభ 1886లోనే తీర్మానించినది. తెల్లదొరలు ఆ కోరికను దశాబ్దముల తరబడి వాయిదా వేసినారు.

ఇక్కడ ఒక విశేషము జరిగినది. 1921లో, సర్ అలీ ఇమాము ఎగ్జిక్యూటివ్ కౌన్సిలు అధ్యక్షులుగా ఉన్న కాలమున, ఉస్మాన్ అలీఖాను ఫర్మానాతో హైదరాబాదు రాజ్యములో న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖనుండి వేరుచేసినారు. మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన హైకోర్టు భవనమునకు అంతకు ముందటి ఏడే ప్రారంభోత్సవము జరిగినది. ప్రజాప్రతినిధులులేని ఒక సంస్థానము, బ్రిటిషు ఇండియా చేయలేనిదానిని చేసినది. నిజాము పాలనను గూర్చి మనకు ఎన్ని అభిప్రాయములున్నను, దీనిని చెప్పకుండ దాటిపోవుట న్యాయము కాదు.

అయితే ఈ సంస్కరణ ఎంతమందికి అందినది? రాజ్యపు భూమిలో సుమారు అరవై పాళ్లు మాత్రమే దివానీ. మిగిలినది జాగీర్లు, నిజాము స్వంత ఖర్చునకై ఉంచుకొన్న సర్ఫేఖాస్. పెద్ద జాగీరుదారులకు స్వంత పోలీసు, స్వంత న్యాయస్థానము ఉండెడివి. నగరము చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫేఖాసులోనిదే. ఇక దేశ్‌ముఖుల గడీలలో జరిగినదానిని ఏ చట్టమును చూపి సమర్థించగలము? వెట్టికి రాలేదని దొర పిలిపించును. దొరయే ఫిర్యాది, దొరయే సాక్షి, దొరయే న్యాయాధిపతి. దండుగ చేరునది దొర పెట్టెకే. రసీదు అడిగే ధైర్యము ఎవరికి ఉండెడిది? ‘అధికారి అడిగినప్పుడు ఇచ్చి బయటపడుట మేలు’ అన్న బుద్ధి మన పెద్దలకు అలవడినదంటే అది పిరికితనము అనుటకు మాకు మనసొప్పదు. వారికి మరొక దారి కనబడలేదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. 1949లో సర్ఫేఖాస్ దివానీలో కలిసినది. అదే సంవత్సరము ఆగస్టు 15న జాగీర్లు రద్దయినవి. 1950 జనవరి 26న రాజ్యాంగము వచ్చినది. అరెస్టు చేసిన మనిషికి కారణము చెప్పవలెనని, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలుపవలెనని, తనకు నచ్చిన వకీలును సంప్రదించుకొననీయవలెనని 22వ అధికరణము ఆదేశించినది. 1951లో భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాజ్యమునకు వర్తించినది. దేశమంతటా క్రిమినల్ కేసుల విచారణను న్యాయశాఖ మేజిస్ట్రేట్లకు అప్పగించిన కొత్త ప్రక్రియాస్మృతి మాత్రము 1974 ఏప్రిల్ 1వ తేదీ వరకు రాలేదు. కాంగ్రెసు తీర్మానమునకు, దాని ఫలమునకు నడుమ ఎనుబదియెనిమిది సంవత్సరములు!

ఈలోగా మోటారు బండి వచ్చి న్యాయస్థానములకు కొత్త చిక్కు తెచ్చినది. దీపము లేని బండి, ఎక్కువమందిని ఎక్కించుకొన్న బండి, ఎఱ్ఱదీపము దాటిన బండి — వీటన్నిటిని మేజిస్ట్రేటు ఎదుట విచారించవలెనంటే హత్య కేసులకు తీరిక ఉండదు. అందుచేత 1939 నాటి మోటారు వాహనాల చట్టము ఒక వెసులుబాటు కల్పించినది. చిన్న నేరమైతే, సమను అందుకొన్నవాడు న్యాయస్థానమునకు రాకుండ, తప్పు ఒప్పుకొని రిజిస్టర్డు ఉత్తరము వ్రాసి, నిర్ణయించిన సొమ్ము పంపుకొనవచ్చును. 1989 జూలై 1న అమలులోనికి వచ్చిన 1988 నాటి చట్టము ఈ పద్ధతిని 208వ సెక్షనులో నిలుపుకొనుటయే గాక, 200వ సెక్షను క్రింద మరొక మెట్టు ఎక్కినది. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన అధికారియే కొన్ని నేరములను, న్యాయస్థానము వరకు పోనీయకుండ, రుసుము తీసికొని రాజీ చేయవచ్చును. మన సెల్‌ఫోనులకు వచ్చే చలాను ఈ రాజీకి పిలుపు.

ఇప్పుడు గృహస్థుగారి ప్రశ్నలకు రావచ్చును. చలాను తీర్పు కాదు, అది ఆరోపణ. రుసుము కట్టితే ఆ నేరముపై ఇక చర్య ఉండదు, న్యాయస్థానము దోషి అని ప్రకటించినట్లును కాదు. కాని రాజీపడితిమంటే ఆరోపణను కాదనుకొనే అవకాశమును మన చేతులారా వదలుకొన్నట్లే. బండి మనది కానప్పుడు ఆ అవకాశమును ఎందుకు వదలుకొనవలెను? కట్టకపోయినంతమాత్రాన ఎవరినీ తక్షణము జైలుకు పంపరు. విషయము న్యాయస్థానమునకు పోవచ్చును, సమను రావచ్చును. సమను వచ్చిన తరువాత దానిని మూలన పడవేయుట మాత్రము ప్రమాదము. హాజరు కానివానిపై వారంటు పుట్టుట ఆ తరువాతి సంగతి. యంత్రములతో తీసిన ఛాయాచిత్రముల చలానులకై 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములు, నేరము జరిగిన పదిహేను రోజులలో నోటీసు పంపవలెనన్నవి. ఏ ఛాయాచిత్రమో, ఏ చోటో, ఏ వేళో చూచుకొనుట చలాను అందుకొన్నవాని హక్కు.

రాజీకి లొంగని నేరములును ఉన్నవి. త్రాగి నడుపుట వాటిలో ముఖ్యమైనది. నూరు మిల్లీలీటర్ల రక్తములో ముప్పది మిల్లీగ్రాములు మించి మద్యమున్నట్లు తేలినచో 185వ సెక్షను. అది 200వ సెక్షను రాజీ జాబితాలో లేదు. అక్కడ కూడ అధికారమునకు హద్దున్నది. నడిపినవాడు త్రాగినాడన్న ఒక్క కారణముతో బండిని స్వాధీనము చేసికొనరాదని, త్రాగని మరొకరు లైసెన్సుతో వచ్చినచో అప్పగించవలెనని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పినది.

ఇక ప్రమాదములో మనిషికి గాయమో మరణమో కలిగినచో అది చలానుల లోకమే కాదు. అప్పుడు ఎఫ్.ఐ.ఆర్., దర్యాప్తు, అభియోగపత్రము. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. నిర్లక్ష్యముతో మరణము కలిగించినందుకు పూర్వము గరిష్ఠ శిక్ష రెండు సంవత్సరములు. ఇప్పుడు 106వ సెక్షను క్రింద అయిదు. బెయిలు హక్కుగా లభించే నేరములలో జామీను ఇచ్చుట ఠాణావారి దయ కాదు. వకీలును పెట్టుకొనే స్తోమత లేనివారికి న్యాయసేవాధికార సంస్థలు ఉన్నవి. స్త్రీలకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు, నిర్బంధములో ఉన్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత సహాయము దొరుకుతున్నది.

మరి ఉద్యోగపు దరఖాస్తు? అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పినదాని సారమేమనగా, అడిగినదానికి నిజము చెప్పవలెను. అయితే దాచిన విషయము స్వల్పమైనదైతే యజమాని దానిని క్షమించవచ్చును. అరెస్టు అయినారా అని అడుగుట వేరు, న్యాయస్థానములో కేసు నడుస్తున్నదా అని అడుగుట వేరు, శిక్ష పడినదా అని అడుగుట వేరు. దరఖాస్తులోని వాక్యమును మాటమాటకు చదువుకొని, దానికే జవాబు వ్రాయవలెను.

పట్టువాడు, తీర్పరి వేరయినారని చెప్పినాము గాని, పూర్తిగా వేరు కాలేదని కూడ ఒప్పుకొనవలెను. శాంతిభంగము కలిగించవచ్చునన్న అనుమానముతో బైండోవరు చేసే అధికారము జిల్లాలలో తహసీలుదారుకు మిగిలినది. కమిషనరేట్లలో అది పోలీసు అధికారులకే దక్కినది. 1348 ఫసలీ నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టము నిజాము పోయినను పోలేదు. 2004లో సైబరాబాదు చట్టముతో నగర శివార్లకు కూడ ప్రాకినది. 2022 మార్చిలో తెలంగాణలో బకాయి చలానులపై ద్విచక్ర వాహనములకు డెబ్బదియైదు శాతము తగ్గింపు ప్రకటించినప్పుడు జనము సంతోషముతో చెల్లించినారు. ఆ చలానులలో ఎన్ని సరియైనవో, ఎన్ని పొరపాటువో విచారించిన న్యాయాధికారి లేడు. నేరమునకు అంగడి రాయితీ ఏమిటని మాకు అప్పుడు తోచినది, ఇప్పటికిని తోస్తున్నది.

గృహస్థుగారికి ఈ సంగతులన్నియు క్లుప్తముగా వ్రాసినాము. నెల తరువాత ఆయననుండి కార్డు వచ్చినది. కుమారుడు తమ బండి ఛాయాచిత్రమును, రిజిస్ట్రేషను ప్రతిని జతపరచి చలానుపై అభ్యంతరము తెలిపినాడట. ఇరుగుపొరుగువారు, ఆ నాలుగు డబ్బులకు ఇంత శ్రమ ఎందుకని నవ్వుతున్నారట. జవాబు ఇంకా రాలేదని, వచ్చినప్పుడు తెలుపుతానని వ్రాసినారు.