తూము నుంచి గణితం దాకా: కడప సీమ నీటి అదుపు

కడప సీమ వచ్చిన నీటిని ఒడిసిపట్టి బతికిన నేల. ఎంత నీరుందో అంచనా కట్టడం, ఎప్పుడెంత వదలాలో నిర్ణయించడం ఇక్కడ తరతరాల విద్య. బ్రహ్మంగారిమఠం ప్రాంతానికి చేరువలోని పోరుమామిళ్లలో విజయనగర రాకుమారుడు భాస్కరుడు చెరువు కట్టించాడు. 1369 నాటి ఆ చెరువు శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను ఏకరువు పెట్టింది. నీరు కొంచెమై నేల ఎక్కువైనా, నీరు ఎక్కువై నేల కొంచెమైనా దోషమేనంది. అదుపుకు మూలం సమతూకమని ఆ పెద్దలు ఆనాడే గ్రహించారు.

1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువతో తుంగభద్ర నీరు ఈ సీమకు చేరింది. కాలువ పని చూసే లస్కరు గేజి చూసి షట్టరు ఎత్తేవాడు, దించేవాడు. అనుభవమే అతని సూత్రం. ఆ తరంలోనే, 1871లో, ఫ్రాన్సులో ఇంజనీరు సెయింట్ వెనాంట్ కాలువ ప్రవాహానికి సమీకరణాలు రాశాడు. అయితే నీరు సరళరేఖలో లెక్కకు లొంగదు. గేటు ఎత్తు మార్చకుండా ఎగువ మట్టం నాలుగింతలైతే, కింద పారే నీరు సుమారు రెండింతలే అవుతుంది. దిగువ నీరు గేటు అంచును ముంచిందంటే ఆ సూత్రమే మారిపోతుంది. మట్టం మెల్లగా మారుతుంది, గేటు స్థితి ఒక్కసారిగా మారుతుంది. ఈ రెండూ కలిసిన వాటినే ఇంజనీర్లు హైబ్రిడ్ నాన్‌లీనియర్ వ్యవస్థలంటారు.

ఇలాంటి వ్యవస్థను అదుపు చేయాలంటే ముందు దాని స్థితిని అంచనా కట్టాలి. ఆ అంచనాల శాస్త్రానికి 1945లో మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పూర్వ విద్యార్థి సి.ఆర్.రావు ఒక పునాదిరాయి వేశారు. పక్షపాతం లేని అంచనాలో చెదురు (వేరియన్స్) ఏ హద్దుకన్నా తగ్గదో నిరూపించారు. 1960లో ఇంజనీరు కాల్మన్, లెక్క చెప్పిన విలువనూ, కొలత చూపిన విలువనూ వాటి నమ్మకాన్ని బట్టి కలిపే పద్ధతి ఇచ్చాడు. ఆ తరువాతివారు గేటు ఒక్కో స్థితికి ఒక్కో నమూనాను పక్కపక్కనే నడిపి, కొలతలకు ఏది సరిపోతుందో చూసి నిర్ణయించే దారి వేశారు.

1983లో శ్రీకారం చుట్టుకున్న తెలుగుగంగ పథకం కృష్ణా జలాలను పోతిరెడ్డిపాడు, బానకచెర్ల, వెలుగోడు మీదుగా బ్రహ్మంసాగర్‌కు చేర్చింది. పదిహేడు టీఎంసీలకు పైగా పట్టే ఈ జలాశయానికి ఎగువన వదిలిన నీరు దారిలో ఎన్నో రెగ్యులేటర్లు దాటి రావాలి. అందుకే ముందుచూపున్న లెక్క తప్పనిసరి. 2021 నవంబరు 19న చెయ్యేరు నది వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఊళ్లు మునిగాయి. వరద అంచనాకూ, గేటు నిర్వహణకూ మనుషుల ప్రాణాలు ముడిపడి ఉన్నాయని ఆ రోజు చాటింది.

శాసనం నుంచి సెన్సారు దాకా సాధనాలు మారాయి, బాధ్యత మారలేదు. ప్రతి గేటుకూ నమ్మదగిన కొలత, ఏటా మరమ్మతు, ఆ లెక్క చదవగల మన ఊరి ఇంజనీరు: ఈ మూడింటినీ సమకూర్చుకోవడమే ఈ తరం కర్తవ్యం.