పరీక్ష భయం – పొరుగు భాషలో ప్రశ్నపత్రం

హోసూరు, బళ్ళారి, బరంపురం ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలలో అనేకులకు పదవ తరగతి పరీక్ష ఒకటి కాదు, రెండు. మొదటిది పాఠానిది, రెండవది భాషది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఈ రెండవ భారం మరింత పెరిగింది. ఆ చట్టం క్రింద చదివిన తొలి తరం 2016లో పదవ తరగతి పరీక్షకు చేరినప్పుడు, అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు మినహాయింపు కోసం మద్రాసు ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించవలసి వచ్చింది.

గుండె దడ, అరచేతుల చెమట, కడుపులో వికారం భయానికి శరీరం చూపే సహజ లక్షణాలు. వీటివలన పెద్ద నష్టం లేదు. 1967లో లీబర్ట్, మోరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ఉద్వేగాన్నీ, మనసులోని చింతనూ వేరుచేసి చూపారు. మార్కులను ఎక్కువగా తినివేసేది చింతే. మనసు ఏకకాలంలో నిలుపుకోగలిగేవి కొన్ని విషయాలే, "తప్పితే ఏమి గతి?" అన్న ఆలోచన అందులో చోటు ఆక్రమిస్తుంది. ప్రశ్నను తెలుగులోనికి మార్చుకొని, జవాబును మరల బడి భాషలోనికి మార్చే విద్యార్థికి ఆ చోటు మరీ ఇరుకు.

కనుక ధైర్యవచనాలకన్నా సాధన మేలు. "వివరింపుము", "కారణములు తెలుపుము", "భేదములు వ్రాయుము" వంటి ఆదేశాలకు బడి భాషలో ఏ పదాలు వాడుతారో పాత ప్రశ్నపత్రాలనుండి ఏరి, మొదట అవే నేర్వాలి. అవి కొద్దివే. తరువాత పుస్తకం మూసి, గడియారం ఎదుట ఉంచుకొని, అదే భాషలో జవాబులు వ్రాయాలి. పదేపదే చదవడంకన్నా గుర్తుతెచ్చుకొని వ్రాయడమే ఎక్కువకాలం నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికే పరిశోధన నిరూపించింది. తమిళనాడు పరీక్షలలో ప్రశ్నపత్రం చదవడానికి ఇచ్చే 10 నిమిషాలలో, తెలిసిన ప్రశ్నలను ముందుగా గుర్తించుకొంటే చేయి వణుకు తగ్గుతుంది.

ఆ లిపి రాని తల్లిదండ్రులు కూడ సాయపడవచ్చు. పాఠాన్ని ముందు తెలుగులో చెప్పించుకొని, పిదప బడి భాషలో వ్రాయమనాలి. పరీక్ష వ్రాసి వచ్చిన బిడ్డను గుమ్మంలోనే నిలిపి ప్రశ్న ప్రశ్నకూ లెక్క అడగడం మరునాటి పరీక్షను చెరచడమే. ఒకసారి తప్పినంత మాత్రాన ఏడాది పోదు. కర్ణాటకలో 2024 నుండి ఒకే విద్యాసంవత్సరంలో ఒకటికి మించిన పరీక్షలకు అవకాశం ఉంది.

నిద్రాహారాలు మానినా, చావు మాట నోట వచ్చినా ఫలితాలదాకా ఆగరాదు. ఆ బిడ్డను ఒంటరిగా విడువక, 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సంఖ్య 14416కు వెంటనే ఫోను చేయాలి. రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడుతారు.