అమీర్‌పేట, పంజాగుట్ట విద్యార్థులు: చదువు ఒత్తిడి, కాలక్షేపం

హైదరాబాదు నడిబొడ్డున ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న అమీర్‌పేట, పంజాగుట్టల్లోనూ, పక్కనున్న సంజీవరెడ్డి నగర్‌లోనూ హాస్టళ్లలో ఉండి చదివేవారు పరీక్షల, ఉద్యోగాల ఒత్తిడి నుంచి తెరిపి పొందే తీరు ఈ వ్యాస విషయం. వీరిలో ఎక్కువమంది డిగ్రీయో ఇంజనీరింగో ముగించి సాఫ్ట్‌వేర్ కోర్సులకు, బ్యాంకు పరీక్షలకు వచ్చినవారు. ఇంటర్ వయసు పిల్లలు తక్కువే. కాబట్టి చదువు ఒత్తిడి, కాలక్షేపాల గురించి కొరియా టీనేజర్ల మీద జరిగే చర్చను ఉన్నదున్నట్టు ఇక్కడికి అన్వయించలేం.

అమీర్‌పేటలోని మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్ భవనాల చుట్టూ కోచింగ్ వ్యాపారం ఎదిగింది 1990ల రెండో సగంలో అన్నది స్థూలమైన అంచనా. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరవడమే ఇందుకు మూలమని కొందరంటారు. కానీ 2000 సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీల చిక్కు, అంటే వై2కె సమస్య వల్ల ప్రోగ్రామర్లకు పెరిగిన గిరాకీని ముందు చెప్పుకోవడం సబబుగా తోస్తుంది.

కాలక్షేపాల్లో సినిమాదే పెద్దపీట. అమీర్‌పేటకు సినిమా కొత్త కాదు: సారథి స్టూడియోస్ ఇక్కడే ఉంది. స్థాపన 1956 అని సాధారణంగా రాస్తారు; అక్కడ తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ విడుదలైంది మాత్రం 1959లో. కోచింగ్ పిల్లల తొలి తరాలకు దగ్గరి హాలు సత్యం థియేటర్. దాన్ని కూల్చిన చోట 2023 జూన్‌లో ఏఏఏ సినిమాస్ అనే మల్టీప్లెక్స్ మొదలైంది. మల్టీప్లెక్స్ టికెట్టును జీఎస్టీ కాక 250 రూపాయల వరకూ అమ్ముకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెల గడిపేవాడికి వారంవారం సినిమా ఇక అలవాటుగా మిగలడం కష్టం.

చవకైనవి వేరే ఉన్నాయి. చాయ్ బండి దగ్గర నిలబడి చెప్పుకునే కబుర్లు, బల్కంపేట ఎల్లమ్మ గుడి, పంజాగుట్ట వైపు ఉండేవారికి బంజారాహిల్స్ మొదటి రోడ్డులోని జలగం వెంగళరావు పార్కు. ఆటస్థలాల మాట ఎత్తకపోవడం మంచిది. ఫోను అందరి చేతిలోనూ ఉన్నదే, కానీ క్లాసూ టెస్టూ కూడా అందులోనే కాబట్టి దాన్ని పూర్తి విరామం అనలేం.

హాస్టల్ గది సాధారణంగా పడుకోవడానికే, కాలక్షేపమంతా వీధిలో. ఇది 2020 మార్చిలో బయటపడింది. దేశవ్యాప్త కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన రోజున, అంటే 25న, హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయని వేలమంది అనుమతి పత్రాల కోసం ఇక్కడి పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. పత్రాలతో బయల్దేరిన చాలామందిని ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో, గరికపాడు దగ్గర ఆపేశారు. టిఫిన్ బండీ, మెస్సూ, చాయ్ కొట్టూ మూతబడ్డాక గదిలో ఉండి చేసేదేమీ లేకపోయింది.

చదువు ఒత్తిడిని నిబంధనలతో తగ్గించే ప్రయత్నాలూ ఉన్నాయి. కొరియాలోని సియోల్‌లో ట్యూషన్ కేంద్రాలు, అంటే హాగ్వన్లు, రాత్రి 10 గంటలకల్లా మూసేయాలన్న నిబంధన ఉంది. పిల్లలు గేములాడే పీసీ బాంగ్‌లు వాటికి దగ్గర్లోనే దొరుకుతాయి. మన కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు కోచింగ్‌ను రోజుకు 5 గంటలకు పరిమితం చేయాలని, వారానికో సెలవివ్వాలని, సెలవు మర్నాడు పరీక్ష పెట్టవద్దని చెబుతున్నాయి. 16 ఏళ్ల లోపువారిని చేర్చుకోవద్దన్న షరతు కూడా ఉంది. ఇవి ఎక్కువగా ప్రవేశ పరీక్షల పిల్లలను దృష్టిలో పెట్టుకున్నవి. ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ అమీర్‌పేటలో గడిపే పాతికేళ్లవాడికి వీటివల్ల ఒరిగేది తక్కువ.

కాలక్షేపంతో తీరని దిగులుకు టెలీ మానస్ ఉంది: 2022 అక్టోబరు 10న మొదలైన ఉచిత మానసిక ఆరోగ్య ఫోను సేవ, నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడవచ్చు.